ఖాళీ ట్యాంకు

అచ్చంపేటలో నాగర్‌కర్నూల్ రోడ్డు మీదున్న ఆ వెల్డింగు దుకాణాన్ని జనం ఇప్పటికీ అజీజ్ దుకాణమనే అంటారు. అజీజ్ పోయింది రెండు వేల ఒకటిలో. అప్పటి నుంచీ షట్టరు ఎత్తిందీ, ఇనుము తెప్పించిందీ, గేట్లకు కొలతలు తీసిందీ అతని భార్య ఖుర్షీద్ బేగం. పేరు మాత్రం ఆయనదే. అందుకు ఆమెకేం కోపం లేదు. ఆమె కోపమంతా గోడకు మేకు కొట్టి వేలాడదీసి ఉంది.

అది ఒక డ్రమ్ము మూత. లోపలి నుంచి ఎవరో గుద్దినట్టు ఉబ్బిపోయి ఉంటుంది. డీజిల్ అయిపోయిన ఖాళీ డ్రమ్ముకు అజీజ్ వెల్డింగు రాడ్డు ఆనించగానే ఆ మూత ఎగిరి ఛాతీకి తగిలింది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా రాత అలా ఉందన్నారు, కళ్లు తుడుచుకున్నారు, చాయ్ తాగి వెళ్లారు. యోసేపు అనే ముసలి వెల్డరు ఒక్కడే నిజం చెప్పాడు.

"డీజిల్ అయిపోయిందంటే భయం పోయిందనుకుంటరు బిడ్డా. ఖాళీదే పేల్తది. లోపల ఆవిరి ఉంటది. నీళ్లు నింపితే ఆవిరికి జాగ ఉండదు. అజీజు దాంట్ల నీళ్లు నింపినా బతుకుతుండె."

డ్రమ్ము పేలిన రోజు డీజిల్ వాసన ఖుర్షీద్ బేగం ముక్కుకూ తగిలింది. మగవాళ్ల పని, మనకెందుకులే అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

రెండు వేల నాలుగు ఎండాకాలంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం ఈరన్న ట్రాక్టరు దుకాణం ముందు ఆగింది. ఈరన్న బల్మూర్ వైపు రోడ్లు వేయించే కాంట్రాక్టరు. చుట్టుపక్కల బడి కిటికీ అయినా, ఆఫీసు గేటైనా, ఆ పని దుకాణానికి అతని చేతి మీదుగానే రావాలి. ట్రాలీలో పాత డీజిల్ ట్యాంకు ఉంది. రోడ్డు తడపడానికి దాన్ని నీళ్ల ట్యాంకు చేస్తాడట. పైన మూతి పక్కన చీలింది, అతకాలి.

"ఒక్క గంటల అయిపోవాలె మస్తాన్," అన్నాడు దిగకుండానే.

మస్తాన్ అజీజ్ తమ్ముడు. ఇద్దరు పిల్లల తండ్రి. అతుకు వేశాడంటే ఎక్కడ వేశాడో వెతుక్కోవాలి, అంత మంచి చెయ్యి. అతను తలూపేలోపే ఖుర్షీద్ బేగం ట్రాలీ చక్రమెక్కి ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టింది.

"దీంట్ల నీళ్లు నింపాలె అన్నా. చీలిక కింది దాంక."

"సర్ఫు పౌడరేసి కడిగిపిచ్చిన. మూడు దినాలు ఎండకు పెట్టిన. చుక్క డీజిల్ లేదు. నీళ్లెందుకు?"

"చుక్క లేకున్నా వాసనుంది. వెనక చేన్ల బోరుంది, రెండింటికి బోరు కరెంటొస్తది. పైపేసుకుందం. నీళ్లేం పారబొయ్యం, గవే రోడ్డుకు పోతయి."

"రెండింటి దాంక నా రోలరు ఊకె నిలవడాల్నా?" ఈరన్న కిందికి దూకాడు. "మొగోళ్ల పనిల నీకేం తెలుసు ఖుర్షీదమ్మా? నీ తోని కాకుంటే చెప్పు, ఇదీ, బడి కిటికీలూ, అన్నీ నాగర్‌కర్నూల్‌కే పోతయి."

మస్తాన్‌కు తల కొట్టేసినట్టయింది. పదిమంది చూస్తుండగా వదినె చాటు మనిషి అనిపించుకోవడం ఏ మరిదికి ఇష్టం? రాడ్డు బిగించిన హోల్డరు పట్టుకుని ట్రాలీ ఎక్కేశాడు.

"జర ఊకో వదినె. రెండు రాడ్ల పని. ఏం గాదు."

ఏం గాదు! అజీజ్ కూడా సరిగ్గా ఇదే మాటన్నాడు. ఆ నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట అదే.

ఖుర్షీద్ బేగం లోపలికి వెళ్లి బోర్డులోంచి ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది. గిర్రున తిరిగే ఫ్యాను నీరసంగా ఆగిపోయింది. బయటికొచ్చి స్టూలు మీద కాలు పెట్టి ట్రాలీలోకి ఎక్కింది. సరాసరి వెళ్లి ట్యాంకు మీద, మూతి పక్కనే కూర్చుంది. ఎండకు కాలిన ఇనుము చీరలోంచి చురుక్కుమంది. లేవలేదు.

"ఈరన్నా, ఫ్యూజు ఇగో. నువ్వే పెట్టి రా. మా మరిది ఇప్పుడే అతుకుతడు. గాని అయిపోయే దాంక నువ్వు గూడ నా పక్కన గిట్ల కూసోవాలె."

"నేనెందుకు కూసుంట?"

"ఏముంది అండ్ల, చుక్క లేదంటివి. రా మరి."

ట్రాక్టరు డ్రైవరు కిసుక్కున నవ్వి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"పిచ్చి లేసిందా ఏంది నీకు!" అని ఈరన్న అరిచాడు. అరుస్తూనే ట్రాలీ నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎవరూ గమనించకపోదురేమో గానీ, మస్తాన్ ట్రాలీ మీద నిలబడి ఉన్నాడు. పైనుంచి ఆ రెండడుగులూ అతనికి బాగా కనిపించాయి. గోడ మీది మూత వైపు ఒకసారి చూశాడు. హోల్డరు కింద పెట్టాడు.

"నువ్వు కూసోనన్న కాడ నన్నెట్ల నిలబెడ్తివన్నా?" అన్నాడు మెల్లగా.

ఈరన్న కాసేపు గొణిగాడు, కాసేపు వాచీ చూసుకున్నాడు, చివరికి వేపచెట్టు నీడలో బీడీ వెలిగించబోయాడు. "దూరం పో!" అని పైనుంచి వదినా మరుదులిద్దరూ ఒక్కసారే అరిచారు. రోడ్డు దాటి వెళ్లి వెలిగించుకున్నాడు.

రెండింటికి బోరుకు కరెంటొచ్చింది. పైపులోంచి నీళ్లు పడుతుంటే లోపలి గాలి మూతిలోంచి పైకి తన్నుకొచ్చింది. డీజిల్ కంపు దుకాణమంతా పట్టింది. చుక్క లేదన్న పెద్దమనిషి కూడా తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నీళ్లు చీలిక కింది వరకూ వచ్చి, కంపు తగ్గాక, మూతి తెరిచే ఉంచి ఖుర్షీద్ బేగం కిందికి దిగింది, కొంగు ముడి విప్పి ఫ్యూజు పెట్టింది. ఇనుము వేడికి తొడలు కమిలి మండుతున్నాయి. మస్తాన్ అద్దం ముఖానికి పెట్టుకుని రెండు రాడ్లలో అతుకు ముగించాడు.

ఈరన్న వచ్చి అతుకు చేత్తో తడిమి చూశాడు. ధైర్యం తిరిగొచ్చింది.

"సూస్తివా? ఏం గాలే. నేను ముందుగాలనే చెప్పిన గద! ఊకె పొద్దంత పరేషాన్ చేస్తివి."

మస్తాన్ ఒళ్లు మండి ఏదో అనబోయాడు. ఖుర్షీద్ బేగం అతన్ని ఆపి పెద్దగా నవ్వింది. ఆ దుకాణంలో ఆమె నవ్వడం మూడేళ్లలో అదే మొదలు.

"అవునన్నా, ఏం గాలే. రేపు గూడ ఏం గాదు. నా దుకాణంల ఏం గానియ్య."