గోడ అవతలి తర్జుమా

బావమరిదితో మాటలు పోయినందుకు యిహ్యాకు పెద్దగా బాధేమీ లేదు. ఇంట్లో రూమియా గిలకొట్టే మెంతి నురుగు ముందు హారూన్ ఇంటి విందులు బలాదూరు. చిక్కల్లా ఒక్కటే: హారూన్ లేకపోతే బేత్ సువైద్ వాళ్ల పద్ధతిలో యూదుల ధర్మగ్రంథమైన తోరా పారాయణం లేదు.

యెమెన్ కొండల్లోని ఆ ఊరు ఖాళీ అయి, జనం ఇజ్రాయెల్‌లోని రోష్ హాయిన్‌లో స్థిరపడి ఒక తరం గడిచింది. పాత పద్ధతి తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. యిహ్యా హీబ్రూలో ఒక వాక్యం చదవాలి. వెంటనే హారూన్ దానికి అరమాయిక్ భాషలో తర్జుమా చెప్పాలి. చదివిన నోరు తర్జుమా చెప్పకూడదని తాతల నాటి కట్టడి.

పోయిన పస్కా పండుగకి హారూన్ ఒకచోట తడబడ్డాడు. తప్పు వినబడితే అరిచి దిద్దడం అక్కడి ఆచారం. పసివాడు అరిచినా సరే, పెద్దమనిషి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. యిహ్యా అరిచాడు. అక్కడితో ఆగక నవ్వాడు కూడా.

"దిద్దడం ధర్మమే బావా. పళ్లికిలించడం ఏ ధర్మం?" అంటూ హారూన్ ప్రార్థన శాలువా మడుచుకుని లేచిపోయాడు. అప్పటినుంచి సనా నగరం నుంచి వచ్చినవాళ్ల ప్రార్థనామందిరానికి పోతున్నాడు.

ఇప్పుడు చూస్తే యెరూషలేం విశ్వవిద్యాలయం నుంచి నోగా అనే అమ్మాయి క్యాసెట్ యంత్రంతో వచ్చి కూర్చుంది. ఒక్కో ఊరివాళ్లు హీబ్రూ ఎలా పలుకుతారో రికార్డు చేసి భద్రపరచడం ఆమె పని. ఆ సాయంత్రమే తిరిగి వెళ్లిపోతుంది. యిహ్యా మనవలేమో రేడియోలో వార్తలు చదివినట్టు తోరా చదువుతున్నారు. ఈ పూట దాటితే తన తండ్రి నేర్పిన చదువు తనతోనే మట్టిలో కలుస్తుందని అతనికి తెలుసు.

పొద్దున రూమియా రాయబారం వెళ్లింది. హారూన్ ఆమెకు స్వయానా అన్న, ఉండేది గోడ అవతలే.

"అన్నయ్య నేనిచ్చిన మెంతి నురుగు గిన్నె తీసుకున్నాడు గానీ నా మాట తీసుకోలేదు. మిమ్మల్నే వచ్చి అడగమన్నాడు," అంది తిరిగొచ్చి.

"నేనా? వాడి గడప తొక్కడమా?"

"అయితే మీ పౌరుషాన్నే రికార్డు చేయించుకోండి."

యిహ్యా గడ్డం దువ్వుకుంటూ కాసేపు ఆలోచించాడు. తర్వాత బల్లను పెరట్లోకి మోయించి, సరిగ్గా గోడకు ఆనించి వేయించాడు. అవతల హారూన్ కొత్తిమీర మడికి నీళ్లు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

'ప్రభూ, నీ వాక్యం జోలికి పోను. దాన్ని సరిగ్గానే చదువుతాను. తర్జుమానే కాస్త కుంటిస్తాను. ఒక మనిషిని ధర్మంలోకి లాగడానికి ఇంకొకడు తప్పు చేస్తే దాన్ని ఏ ఖాతాలో రాస్తావో నీకే తెలియాలి,' అనుకుని కళ్లు మూసి తెరిచాడు.

యంత్రం తిరిగింది. యిహ్యా వాక్యం చదివాడు, వాళ్ల నాన్న చదివినట్టే. వెంటనే తర్జుమా కూడా తానే అందుకుని, మాటల చివర్లు మింగుతూ, సగానికి సగం ముక్కుతో లాగించేశాడు.

నోగా కనుబొమలు ముడిచింది. "తాతగారూ, మీ ఊళ్లో ఇలాగే చెప్పేవారా?"

"అచ్చం ఇలాగేనమ్మా. మా బావమరిది హారూన్ ఉన్నాడే, ఇంతకన్నా ఘోరంగా చెప్పేవాడు."

అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

రెండో వాక్యం తర్జుమాను పెళ్లిపాట బాణీలో ఊపాడు. గోడ వెనక గట్టిగా దగ్గు.

"రూమియా! ఎవరికో గొంతులో ముల్లు దిగినట్టుంది, చూడు," అన్నాడు యిహ్యా. మూడోదానికి కొన్ని మాటలు పూర్తిగా ఎగ్గొట్టి, "దీనికి హారూన్ బాణీ అని పేరు రాసుకోమ్మా. వందేళ్ల తర్వాత కూడా జనం వినాలి," అన్నాడు.

గోడ మీదికి ఒక ఎర్రబడిన ముఖం లేచింది.

"ఒరేయ్ దొంగా! అది తర్జుమానా, మేక దగ్గా? సమాధుల్లోంచి పెద్దలు లేచొచ్చి నీ నోట్లో మట్టి కొడతారు!"

"అయితే నువ్వు చెప్పు బావా."

"చెప్పను."

"సరే. నోగా, తర్వాతి వాక్యానికి పోదామమ్మా."

"ఆగు!"

తడికాళ్లతో, గుమ్మంలో చెప్పులు ఒకటిటు ఒకటటు వదిలేసి హారూన్ వచ్చి కూర్చున్నాడు. బావ ముఖం చూడకుండా, "మొదటినుంచి," అన్నాడు.

యిహ్యా చదివాడు. హారూన్ అందుకున్నాడు. ఒకడు దింపిన చోట రెండోవాడు ఎత్తుకుంటుంటే, ఒకే బావిలో రెండు చేదలు దిగి లేస్తున్నట్టుంది. రూమియా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. నోగా రాసుకోవడం మానేసింది.

మధ్యలో యిహ్యా కళ్లు చెమర్చి అక్షరాలు అలికేసినట్టయ్యాయి. నిజంగానే తప్పు దొర్లింది. హారూన్ పిడుగులా అరిచి దిద్దాడు. నవ్వలేదు. తను నవ్వకపోవడం బావ గమనించాడా లేదా అని మాత్రం ఓరగా చూశాడు. యిహ్యా తల వంచి, ఆ వాక్యం మళ్లీ మొదలుపెట్టాడు.

పాఠం ముగిశాక యిహ్యా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బావ రాకముందు చెప్పిందంతా చెరిపెయ్."

"మేము ఏదీ చెరపం తాతగారూ. పలికింది పలికినట్టే దాస్తాం."

అప్పుడు నవ్వాడు హారూన్, కడుపు పట్టుకుని. "రెండో దానికే నీ ఎత్తు తెలిసిపోయిందిరా బావా! మేకైనా అలా చెప్పదు."

"మరి మూడోదాకా ఎందుకాగావు?"

"నీ ఘనకార్యం యంత్రంలోకి ఇంకాస్త ఎక్కనీ అని."

యిహ్యా ఇంకా తిరుగుతున్న యంత్రాన్ని తన వైపు లాక్కుని, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు అన్నాడు. "నేను, దావూద్ కొడుకు యిహ్యాను చెబుతున్నాను. ముందు వినిపించిన తర్జుమాలన్నీ కావాలని చేసిన తప్పులు."

హారూన్ అతని భుజం మీదుగా యంత్రం వైపు వంగాడు.

"అబద్ధం," అన్నాడు, ఒక్క అక్షరం కూడా మింగకుండా.