ప్లాస్టిక్ పోలీసమ్మ

గ్వెన్ ఆక్రాయిడ్ వేషం చూసి కొత్తవాళ్ళు పోలీసనే అనుకునేవారు. థార్న్‌లీ పేటలో పాతకాపులకు మాత్రం సంగతి తెలుసు. ఆమె నడుముకు బేడీలు ఉండవు, లాఠీ ఉండదు, ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు. నీలం పట్టీ ఉన్న టోపీ, భుజాన ఒక రేడియో, అంతే. వానలో తడుస్తూ వీధులు తిరగడం, నలుగురినీ పలకరించడం, కంటబడిందీ చెవినబడిందీ స్టేషనుకు చేరవేయడం, అదీ ఉద్యోగం.

బస్సు షెల్టరు దగ్గర కుర్రాళ్ళు ఆటపట్టించేవారు. "ప్లాస్టిక్ పోలీసమ్మా! దొంగొస్తే ఏం చేస్తావ్? టీ పెట్టిస్తావా?"

"పంచదార ఎన్ని చెంచాలో కనుక్కుని మరీ ఇస్తాన్రా" అనేది గ్వెన్. అంతకుముందు బడి వంటింట్లో పనిచేసి ఆ కుర్రాళ్ళందరికీ బంగాళాదుంపలు వడ్డించిన మనిషి. వాళ్ళ మాటలు ఆమెకు తగిలేవి కావు.

నిజానికి పోలీసులకు చెప్పనివి ఆమెకు చెప్పేవారు జనం. డెరిక్ సంగతి కూడా అలాగే ముందు ఆమె చెవినే పడింది.

డెరిక్ ఓల్డ్‌రాయ్డ్ ఉన్ని మిల్లులో రంగులద్దే పని చేసి రిటైరైనవాడు. మనిషి అమాయకుడు, బుద్ధి చిన్నపిల్లాడిది. తల్లి పోయాక, ఊరి కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చిన ఫ్లాటులో ఒంటరిగా ఉండేవాడు. పొద్దున్నే కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ శుభోదయం చెప్పేవాడు. బదులు చెప్పకపోతే మళ్ళీ చెప్పేవాడు.

ఆ శీతాకాలంలో ఆ గుమ్మం బోసిపోయింది. పట్టపగలే కిటికీలకు తెరలు.

"గ్వెన్నక్కా, మా పక్కింటి పెద్దాయన కనబడ్డం లేదు" అంది నుస్రత్ తలుపు ఓరగా తీసి. "ఎవరో ఇద్దరు మగాళ్ళు దిగారు. ఎవరెవరో వస్తారు, క్షణం నిలబడి పోతారు. నేను చెప్పానని మాత్రం అనకు, నాకు పిల్లలున్నారు."

గ్వెన్ వెళ్ళి తలుపు తట్టింది. తెల్లటి బూట్లు తొడుక్కున్న బక్కపలచటి మనిషి తీశాడు. "బాబాయి పడుకున్నాడు" అన్నాడు. డెరిక్‌కి అన్నా తమ్ముడూ ఎవరూ లేరని గ్వెన్‌కు తెలుసు. ఇలాంటివి మిగతా పేటల్లో జరిగాయని విన్నదే. పట్నం నుంచి మత్తుమందు ముఠాలు వచ్చి, దిక్కులేని వాళ్ళ కొంపలో చేరి, ఆ కొంపనే దుకాణం చేసుకుంటాయి. కాకి గూటిలో కోకిల గుడ్డు పెట్టినట్టు.

రెండు రోజుల తర్వాత చేపల వేపుడు కొట్టు దగ్గర డెరిక్ దొరికాడు. ముగ్గురికి సరిపడా పొట్లాలు పట్టుకుని ఉన్నాడు. ముంజేతి మీద సిగరెట్టు కాల్చిన మచ్చలు.

"ఇదేంటి పెద్దాయనా?"

"పొయ్యి తగిలింది."

"గుండ్రంగానా?"

డెరిక్ కళ్ళు తిప్పేసుకున్నాడు. "వాళ్ళు నా స్నేహితులమ్మాయ్. నాకెప్పుడూ స్నేహితుల్లేరు కదా, అమ్మ తప్ప" అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "మంచం వాళ్ళు తీసుకున్నారు. నేను స్నానాల తొట్టిలో పడుకుంటున్నా. చలేస్తోంది" అన్నాడు.

గ్వెన్ అతని చెయ్యి పట్టుకుంది. "నేనున్నాను. ఇంకెవరూ నీ జోలికి రారు" అంది. ఆ మాట అనగలిగే అధికారం తనకు లేదని అప్పుడు తట్టలేదు.

స్టేషనులో సార్జెంట్ బ్రెనన్ ఆమె చెప్పిందంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. వారంట్ తెప్పించాడు, శుక్రవారం దాడి అన్నాడు. "అప్పటిదాకా నువ్వు ఆ ఛాయలకు పోకు. నిన్ను చూస్తే వాళ్ళకు అనుమానం వస్తుంది."

శుక్రవారం పట్నంలో కత్తిపోట్లు జరిగాయి. ఉన్న పోలీసులందరూ అటే పోయారు.

"సోమవారం చూద్దాం" అన్నాడు బ్రెనన్.

"ఆయన తొట్టిలో పడుకుంటున్నాడు సార్."

"తెలుసు గ్వెన్. మనుషుల్ని నేను పిండితో చెయ్యలేను కదా."

శనివారం ఆమెకు సెలవు. ఇంట్లో కాలు నిలవలేదు. మధ్యాహ్నం మామూలు కోటు వేసుకుని, చేతిలో ఒక కేకు పెట్టె పట్టుకుని, ఆజ్ఞ మీరి వెళ్ళి తలుపు తట్టింది.

ఈసారి డెరిక్కే తీశాడు. పెదవి చిట్లి ఉంది. వెనక చీకట్లో తెల్లబూట్లు కనిపించాయి.

"పెద్దాయనా, నేను..."

"నువ్వెవరివో నాకు తెలీదు" అన్నాడు డెరిక్ గట్టిగా. "నాకు ఏ ఆడమనిషీ తెలీదు. పో!" తలుపు మూసేశాడు.

లోపల ఏదో పడిన చప్పుడైంది. గ్వెన్ తలుపు మీద పిడికిళ్ళతో బాదింది, పేరు పెట్టి అరిచింది. తలుపు పగలగొట్టే బలం ఆమెకు లేదు. ఫోన్ తీసి అత్యవసర నంబరు నొక్కి, "మనిషిని చంపుతున్నారు" అంది. నుస్రత్ ఇంటి తెర కొంచెం కదిలి మళ్ళీ పడింది. పోలీసు కారు వచ్చేసరికి పెరటి గోడ దూకి ఇద్దరూ మాయమయ్యారు. డెరిక్ స్నానాల తొట్టిలోనే దొరికాడు, దవడ విరిగి, ఒక కన్ను మూతబడి.

చేపల కొట్టు దగ్గర గ్వెన్, డెరిక్ మాట్లాడుకోవడం ఎవరో చూసి ఆ ముఠాకు చేరవేశారని తర్వాత తెలిసింది. ఆ ఇద్దరూ వేరే ఊళ్ళో పట్టుబడ్డారు. అప్పటికే కౌన్సిల్ ఆ ఫ్లాటుకు ఇనప రేకులు కొట్టి మూసేసింది. మత్తుమందు అమ్మిన ఇల్లు గనుక మూసెయ్యాలట. మరి ఇల్లు ఎవరిదని గ్వెన్ అడిగితే, నిబంధన అంతేనన్నారు. డెరిక్‌ను ఆస్పత్రి నుంచి నేరుగా పక్క ఊళ్ళో వృద్ధాశ్రమానికి చేర్చారు.

ఆజ్ఞ మీరినందుకు బ్రెనన్ మందలించాడు. "నువ్వెళ్ళకపోతే సోమవారం శవం దొరికేదేమో. వెళ్ళబట్టే కొట్టారేమో. నాకైతే తెలీదు" అన్నాడు. ఆమెకూ తెలియదు.

గ్వెన్ మళ్ళీ పేటలోకి వెళ్ళింది. నుస్రత్ గొలుసు తియ్యకుండానే మాట్లాడింది. "వద్దక్కా. నువ్వు మంచిదానివే. కానీ నీకు చెబితే ఏమైందో చూశాంగా. ఇంక నాకేం కనబడదు, ఏం వినబడదు." ఆ వారమంతా ప్రతి గుమ్మం దగ్గరా ఇంచుమించు అదే మాట.

ఆదివారం బస్సెక్కి వృద్ధాశ్రమానికి వెళ్ళింది. డెరిక్ దవడకు తీగలు కట్టి ఉన్నాయి. పళ్ళ సందులోంచే మాట్లాడుతున్నాడు.

"ఆరోజు నేనెవరో తెలీదన్నావేం పెద్దాయనా?"

"నిన్ను కూడా కొడతారని" అన్నాడు. ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు.

గ్వెన్ జారిన దుప్పటిని అతని భుజం దాకా లాగింది.

"వాళ్ళు పోయారా?"

"పోయారు. జైల్లో ఉన్నారు."

"అయితే ఇంటికెప్పుడు పోదాం? పొద్దున్నే అందరూ నాకోసం చూస్తుంటారు."

త్వరలోనే అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తెలీదు పెద్దాయనా. నిజంగా తెలీదు."

డెరిక్ గోడవైపు తిరిగాడు. కాసేపటికి ఆయా సూప్ గిన్నె, తాగడానికి గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది. అతను ముట్టలేదు. గ్వెన్ కుర్చీ దగ్గరకు లాక్కుని, గొట్టం గిన్నెలో ముంచి, అతని పెదవుల దగ్గర పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి, ఆమె వైపు చూడకుండానే, తాగడం మొదలుపెట్టాడు.