తడి ఆరని చిప్ప

మూడోసారి కూడా శ్రీరంగప్ప నుదుటి మీది రంగును ఈరప్ప పాత పంచె గుడ్డతో తుడిచేశాడు. కొబ్బరిచిప్పలోని అర్దళంపొడికి, ముఖానికి పూసే ఆ పచ్చరంగుకు, రెండు నీటిచుక్కలు చేర్చి, ఉంగరం వేలితో మళ్లీ నూరడం మొదలుపెట్టాడు.

ముప్పై ఆరేళ్లుగా ఆ ముఖం అతని చేతిదే. వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ గుమ్మఘట్ట చుట్టుపక్కల పల్లెలు నాటకం ఆడిస్తాయి. దుర్యోధనుడంటే శ్రీరంగప్పే. పోస్టరులో హార్మోనియం వాయించేవాడి పేరు కూడా ఉంటుంది గానీ, రంగు వేసే ఈరప్ప పేరు ఉండదు. అద్దం పేరు ఎవరు అచ్చేస్తారు? దానికతను నొచ్చుకోలేదు.

వేషాలు కట్టే బడి గదిలో పగటి ఎండ వేడి ఇంకా తగ్గలేదు. శ్రీరంగప్ప చెమట మాత్రం చల్లగా ఉంది. అది వేలికి తగిలినప్పటి నుంచి ఈరప్పకు భయం పట్టుకుంది.

"ఎడమ చెయ్యి లాగుతాండాదా?"

"పొద్దున్నుంచి. నువ్వు కానీరా."

కానిస్తే అయిపోయినట్టే. ముఖానికి రంగు పూర్తయ్యాక, ఆట చివర ఇచ్చే మంగళహారతి దాకా వేషగాడు ఊరు దాటకూడదు. వాన కోసం ఆడే ఆటలో ఆ కట్టుబాటు ఎవరూ మీరరు. అందుకే ఈరప్ప పూసిందల్లా తుడుస్తున్నాడు.

నాటకం పెట్టించిన ఎర్రన్న గుమ్మంలోకి వచ్చాడు. "ఏమప్పా, జనం కూచోనుండారు. ఒక్క మొగానికి ఇంతసేపా?"

"నేను పుయ్యను." ఈరప్ప గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు. "ఆటో పిలిపించన్నా. రాయదుర్గం ఆస్పత్రికి తోలుకపోవల్ల."

శ్రీరంగప్ప అద్దంలోంచే అతన్ని చూశాడు. "నా ఆట చెడగొడ్తావా?"

"చెడగొడ్తా. బతికొచ్చి తన్ను."

ఇద్దరు పట్టుకుని ఆటో ఎక్కించారు. ఎక్కాక శ్రీరంగప్ప అన్నాడు: "నా చిప్పలో రంగు ఇంకొకనికి పుయ్యొద్దు."

"పుయ్యను. తడి ఆరనియ్యను."

కర్ణుడి వేషగాడికి వేరే చిప్పలో రంగు కలిపి, దుర్యోధనుడిగా పంపించాడు ఈరప్ప. పద్యం పద్యానికీ శ్రీరంగప్ప చిప్పలో ఒక నీటిచుక్క వేస్తూ, చెవి రోడ్డు వైపే పెట్టి కూర్చున్నాడు. కొత్త దుర్యోధనుడు రాగం తీయలేక ఆయాసపడుతున్నాడు.

ఎర్రన్న ఫోను పట్టుకుని లోపలికి వచ్చి, పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"దావలోనే పోయినాడంట."

ఈరప్ప చిప్పలో ఇంకో నీటిచుక్క వేశాడు. బతికించలేకపోయాడు, ఆడనివ్వనూ లేదు. ఆ రెండోదే ఎక్కువ బాధించింది.

"వేషంతోనన్నా పోనిచ్చింటే బాగుండు" అన్నాడు.

బయట హార్మోనియం మరో పద్యం ఎత్తుకుంది. కిటికీ గట్టు మీద, చిప్పలో శ్రీరంగప్ప రంగు ఇంకా తడిగానే ఉంది.