మేకు కొట్టని గోడ

యుయె-చిన్ మేజోడు వేళ్ల కొసను మూసి కుట్టే సూదుల చక్రం మీద దాని అంచు పరుస్తోంది. ఒక్కో ఉచ్చును ఒక్కో సూదికి తగిలించాలి. ఒకటి తప్పినా బొటనవేలి దగ్గర చిల్లు పడుతుంది. ముప్పై ఏడేళ్ల మనిషి. గుండ్రటి ముఖం, గడ్డం కింద రోజూ పొద్దున్నే పీకేసుకునే నాలుగు వెంట్రుకలు. షెథోవ్ ఊళ్లోని ఈ కార్ఖానాలో పెళ్లికి ముందు నుంచీ ఇదే పని.

చియాంగ్ మేస్త్రి సుత్తి పట్టుకుని వచ్చాడు. ఆమె పక్క గోడకున్న ఫ్యాను పట్టీ ఊడి, తాడు మీద వేలాడుతోంది.

"ఇవాళొద్దులే," అంది పక్క మిషను మీది లియెన్ అక్క.

"నెల్రోజుల్నించీ ఇదే మాట. అది నా నెత్తిన పడితే నా పెళ్లానికి నువ్వు చెప్తావా?"

"పాపం, ఎవరో ఒకరు దానికో శుభవార్త చెప్పాలిగా. పో."

మేస్త్రి గొణుక్కుంటూ పోయాడు. కడుపుతో ఉన్న మనిషి దగ్గర మేకు కొడితే బిడ్డకు కీడని అక్కడి నమ్మకం. మూడు నెలలు నిండేదాకా ఆ సంగతి బయటపెట్టకూడదు. యుయె-చిన్ ఎవరికీ చెప్పలేదు. లియెన్ అక్క అడగనూ లేదు.

యుయె-చిన్ అండాశయాల నిండా చిన్న చిన్న నీటితిత్తులు, అందుకే నెలసరి గాడి తప్పిందన్నారు ఆస్పత్రిలో. మొదట ఒక రకం మాత్రలిచ్చారు; ఒంట్లో వేడి ఆవిర్లు పుట్టాయి గాని అండం పెరగలేదు. మందు మార్చారు. ప్రతి విడతా మాత్రలు, స్కానింగు, అండం విడుదలకు పొట్ట మీద సూది. ఒంటికి బలమని అత్తగారు నల్లకోడి చారు కాచి పంపేది. ఇదే ఆఖరు అని మొగుడూ తనూ అనుకున్న విడతలో కడుపు నిలిచింది.

భోజనం వేళ ఆమె ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరమ్మ స్కానింగు తెరను తనవైపు తిప్పుకుని చాలాసేపు చూసింది.

"పోయిన వారం కొట్టుకున్న గుండె ఇవాళ కొట్టుకోవడం లేదమ్మా."

"సరే."

"మీ తప్పేం లేదు. వాడిన మందుల తప్పూ కాదు. వెంట ఎవరైనా వచ్చారా?"

"స్కూటరుంది."

కడుపు శుభ్రం చేయడానికి రేపు పొద్దున రమ్మన్నారు. దారిలో ఎర్రదీపం పడితే ఆగింది, పచ్చదీపం పడ్డాక కదిలింది. వచ్చి, సగంలో వదిలిన మేజోడు పూర్తి చేసింది. ఉచ్చు ఒక్కటీ తప్పలేదు. తర్వాత లేచి మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"ఆ మేకు కొట్టేయండి."

"ఇప్పుడా? మీ అక్క నన్ను తంతుంది."

"తన్నదు."

మొదటి దెబ్బకే లియెన్ అక్క తలెత్తింది. మేస్త్రిని కసరబోయి, అతని వెనక నిలబడి ఉన్న యుయె-చిన్‌ను చూసింది. చెయ్యి చాచి తన మిషను ఆపేసింది. మేకు దిగేదాకా మళ్లీ వెయ్యలేదు.

సాయంత్రం గంట కొట్టగానే యుయె-చిన్ హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె చోట పడిన దారపు పీచు ఊడ్చబోయి లియెన్ అక్క ఆగింది. మిషను పక్కన మూత పెట్టిన గ్లాసు నిండా నీళ్లు. మూత మీద, కడుపు నిలవడానికి సాయంత్రం వేసుకోవాలని పొద్దున తీసిపెట్టుకున్న తెల్లటి మాత్ర.