రెండో గీత

కిటికీలోంచి గాలి వచ్చింది. బల్ల మీద బట్ట అంచు లేచింది... పడింది.

మళ్ళీ లేచింది.

అరచేత్తో అదిమాను. చెయ్యి చెమట పట్టి ఉంది. పొద్దుటి నుంచీ ఇంతే — ఏది ముట్టుకున్నా తడి మరక.

సంచిలో ఉత్తరం ఉంది. ఊరి చివర పెద్ద కుట్టు కార్ఖానా వాళ్ళది. కట్టింగ్ పనంతా నా చేతికే ఇస్తామన్నారు. సొంత బల్ల, సొంత సుద్ద, నా గీత మీద నా కత్తెర. వస్తానో రానో సాయంత్రం నాలుగింటిలోగా చెప్పాలి.

నాకు ఆ ఉద్యోగం కావాలి.

సిగ్గు విడిచి చెబుతున్నాను... కావాలి.

బల్లకి అటువైపు పిన్ని. అమ్మకి చెల్లెలేం కాదు. పదకొండేళ్ళ కిందట కత్తెర పట్టడం నేర్పింది, అందుకని పిన్ని. ఈ దుకాణంలో గీత ఆమెది, కత్తిరింపు నాది. "గీత తప్పితే తుడుచుకుంటాం. కత్తెర తప్పితే పీలికలు ఏరుకుంటాం" అంటుంది. వెయ్యిసార్లు విని ఉంటాను.

ఆమె గీత తప్పడం మొదలై ఏడాదయింది.

మొదట వెంట్రుకవాసి. తర్వాత గింజంత. ఇప్పుడు వేలెడు. చంక మలుపు దగ్గర చూపు ఆనడం లేదు. పిన్ని మంచినీళ్ళకి లేచినప్పుడు నేను ఆ గీత తుడిచేస్తాను. పక్కనే రెండోది గీస్తాను. దాని వెంట కత్తిరిస్తాను.

కుట్టేవాళ్ళకి తెలియదు. యజమానికీ తెలియదు. "ఈ వయసులోనూ ఏం పనితనమమ్మా ఆవిడది!" అంటాడాయన. నేను తల వంచుకుని సుద్దపొడి ఊదుతాను.

నేను వెళ్ళిపోతే రేపే ఒక చొక్కా పాడవుతుంది. ఎల్లుండి ఇంకొకటి. మూడో రోజుకి పిన్నిని ఇంటికి పంపేస్తారు.

అమ్మకి ఒక్కదానికే చెప్పాను.

"ఆవిడకి లేని బెంగ నీకెందుకే? కందకి లేని దురద కత్తిపీటకా?" అంది. కాసేపు గిన్నెలు తోముకుని, నా వైపు చూడకుండా, "ఇన్నాళ్ళూ నువ్వు చేసింది సాయమే అంటావా?" అంది.

సాయమా... లేక నేను లేకపోతే ఆమె లేదన్న గర్వమా?

తేల్చుకోలేకపోతున్నాను.

మూడుంబావు.

మూడున్నర.

ఇవాళ్టిది కోటు గుడ్డ. తెచ్చినాయన వాళ్ళ నాన్న ఎప్పుడో ఇష్టపడి కొనుక్కున్నాడట, కుట్టించుకోకుండానే పోయాడట. సరిగ్గా ఒక కోటుకే వస్తుంది. పాడైతే మళ్ళీ దొరకదు.

పిన్ని గీసింది. చంక దగ్గర — వేలెడు లోపలికి.

ఎదురుచూశాను. ఇప్పుడు లేస్తుంది... నీళ్ళకి వెళుతుంది...

లేవలేదు.

చెయ్యి చాచింది. "ఆ కత్తెర ఇలా ఇవ్వు. ఇవాళ నేనే కత్తిరిస్తా."

కత్తెర ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"నీకెందుకు పిన్నీ శ్రమ? నేనున్నాగా."

"ఏం, మరిచిపోయాననుకున్నావా? నీకు నేర్పిందెవరే?" నవ్వింది. "అయినా ఈమధ్య నా గీతలు నాకంటే బాగా వస్తున్నాయి కదూ."

నవ్వుతూనే నా సంచి వైపు చూసింది. ఉత్తరం మూల బయటికి కనబడుతోంది.

నా చేతిలోంచి కత్తెర తీసుకుని తెరిచింది. గీత మొదట్లో ఆనించి ఆగింది.

"సరిగ్గానే ఉందా, అమ్మడూ? చూసి చెప్పు."

ఉందంటే ఆ గుడ్డ పోతుంది. లేదంటే ఏడాదిగా దాచిందంతా ఈ బల్ల మీద పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ, ఇవాళ లేదంటాను... రేపు ఇక్కడ నిలబడి ఎవరంటారు?

నాలుక మీద సుద్ద రుచి.

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలు.

"పిన్నీ..." అన్నాను.

ఆమె తలెత్తలేదు. కత్తెర మూయలేదు. వింటోంది.

కిటికీలోంచి గాలి వచ్చింది. బట్ట అంచు లేచింది...

ఈసారి ఇద్దరిలో ఎవరమూ అదమలేదు.