నాలుగు సెంటీమీటర్లు

యూనివర్సిటీలో సర్వేయింగ్ చదివే ఆ అమ్మాయిని తోటివాళ్లు 'మిల్లీమీటర్' అని పిలిచేవారు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటికొచ్చేది. అందరూ నీడ చూసుకున్నాక కూడా ఎండలో యంత్రం పక్కనే నిలబడి ఉండేది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఆమెకీ, ఆమె జతగాడికీ పాత క్వారీ గట్టు వచ్చింది. గట్టు మీద ఆరుచోట్ల ఇనుప మేకులు దిగగొట్టి, రెండు వారాలకోసారి కొలిచి, అది కదులుతోందో లేదో తేల్చాలి. గట్టు కింద ఇళ్ల వరుసలో చివరింటి దర్జీ పిన్ని యంత్రం పెట్టుకోవడానికి తన వాకిలి ఇచ్చింది. వెళ్లినప్పుడల్లా అడిగేది.

"ఏమంటోందే మా గట్టు?"

"నిద్రపోతోంది పిన్నీ."

"అదృష్టవంతురాలు! నాకు నడుంనొప్పితో కన్నంటుకోదు."

నాలుగోసారి కొలిస్తే మూడో మేకు నాలుగు సెంటీమీటర్లు కిందికి జరిగింది. మళ్లీ కొలిచింది. అంతే వచ్చింది.

జతగాడు తల పట్టుకున్నాడు. "రేపే రిపోర్టు ఇవ్వాలి. ఇది చూస్తే సారు మొత్తం మళ్లీ కొలిపిస్తాడు. ఆ మేకుని ఏ మేకపోతో గుద్దుంటుంది, సర్దెయ్."

ఆమెకు ఎల్లుండి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. ఫీల్డ్ బుక్‌లో అంకె తప్పితే కొట్టెయ్యాలే గానీ చెరపకూడదని మొదటి ఏడాదే నేర్పారు. ఆమె చెరిపింది. నాలుగు ఉన్నచోట సున్నా వేసింది.

"ఏమంటోందే?" అంది పిన్ని గుమ్మంలోంచి.

"ఏం లేదు పిన్నీ," అంది, యంత్రం పెట్టెలో సర్దుతూ, తలెత్తకుండా.

తొమ్మిదో రోజున, ముసురు పట్టిన మధ్యాహ్నం, గట్టు జారింది. చివరి రెండిళ్లూ మట్టికింద పడ్డాయి. దర్జీ పిన్ని కుట్టుమిషను మీదికి వాలి దొరికింది. మొగుడు బజారుకెళ్లి ఉండబట్టి బతికిపోయాడు.

సారు ఇద్దరినీ పిలిపించాడు. "రిపోర్టు చూశాను. మీ కొలతల్లో ఏ కదలికా లేదు. మీ తప్పేం లేదు."

జతగాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఫీల్డ్ బుక్ బల్లమీద పెట్టింది. "ఈ పేజీ వెలుతురుకి పట్టి చూడండి సార్."

ఆయన కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. చెరిపిన పెన్సిలు ఒత్తు అచ్చుపడే ఉంది. "ఇది బయటపెడితే నీ డిగ్రీ పోతుందమ్మా."

"పోనివ్వండి సార్."

పోయింది. తనకేం తెలియదని ఒట్టేసిన జతగాడు పాసయ్యాడు.

ఆమె దర్జీ పిన్ని మొగుణ్ణి వెతుక్కుంటూ, ఆయన తలదాచుకున్న తమ్ముడింటికి వెళ్లింది. మెట్ల మీద నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆరోజే చెప్పుంటే?" అన్నాడు ఆయన.

"ఇళ్లు ఖాళీ చేయించేవాళ్లు బాబాయ్."

"అది మొండిది, ఎవరు చెప్పినా కదిలేది కాదు, అందామనుంది నీతో." తలుపు మీద చెయ్యి వేశాడు. "కానీ నువ్వు చెబితే కదిలేది. నీ కొలతంటే దానికి అంత గురి."

లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.