దివ్య గీసిన ఊపిరి

చంద్రపూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో గంగవ్వ పొద్దున్నే రొట్టెలు చేస్తూ గోడమీది బొమ్మను చూసుకునేది. ఏడో తరగతి కూతురు దివ్య మరాఠీ బడి కోసం గీసిందది. ముక్కు, గాలిగొట్టం, అది రెండుగా చీలి చేరే ఊపిరితిత్తులు, కొసలకు ద్రాక్షగుత్తుల్లాంటి గాలిగదులు, అన్నిటి కింద గొడుగులా వంగిన కండరం. ఆ కండరం గీయగానే బొమ్మ ఊపిరి తీయసాగింది. తన బాపు, గంగవ్వ భర్త సమ్మయ్యను చూస్తూ గీసింది కాబట్టి అది అతని ఊపిరే. కండరం దిగితే తిత్తులు నిండేవి, లేస్తే ఖాళీ అయ్యేవి. అతను బాయిలో దిగిన రోజు గాలిగదులకు సన్నటి నలుపు పట్టేది. పక్కింటి సావిత్రి గడియారం చూసినట్టు అటు చూసి, సమ్మయ్యన్న పండుకున్నట్టుందని అనేది.

1994 మే నెలలో ఒకనాడు పది గంటలకు ఆ కండరం ఎగిరెగిరి పడింది. వెంటనే సైరన్ కూసింది.

గంగవ్వ బొమ్మను కొంగులో చుట్టుకుని, కూతురితో, సావిత్రితో బాయి దగ్గరికి ఉరికింది. లోపల పొగ పుట్టిందట. సమ్మయ్య, సావిత్రి భర్త పోశన్న తప్ప అందరూ పైకొచ్చారు. మంట పాకకుండా ఆ దారికి ఇటుకగోడ కట్టిస్తున్నామని, ఇంతసేపు పొగలో ఎవరూ మిగలరని ఆఫీసు గదిలో మేనేజర్ అనంతరావు చెప్పాడు. గంగవ్వ బొమ్మను అతని బల్లమీద పరిచింది.

“గోడ ఆపుండ్రి సార్. ఇంకా ఆడుతుంది.”

కండరం వెంట్రుకవాసి దిగుతోంది, ఆగుతోంది, లేస్తోంది. అనంతరావు వాచీ చూస్తూ లెక్కపెట్టి, గోడ ఆపమని ఫోన్ చేశాడు.

గాలి సిలిండర్లు కట్టుకుని దిగినవాళ్లు సమ్మయ్యను ప్రాణాలతో మోసుకొచ్చారు. పోశన్న అయిపోయాడని, వదిలేసి వచ్చామని తలలు వంచుకున్నారు.

సావిత్రి ఏడవలేదు. బల్లమీది తెల్లకాగితం తీసి దివ్యకు ఇచ్చింది. పోశన్న మామను తలచుకుంటూ దివ్య ముక్కు గీసింది, గొట్టం గీసింది, తిత్తులు గీసింది. కండరం దగ్గర పెన్సిల్ ఆగిపోయింది.

“అత్తా, గీసినంక కదలకపోతే?”

గంగవ్వకు కూతురి చెయ్యి వెనక్కి లాగాలనిపించింది. ఈలోపు సావిత్రే పెన్సిల్ తీసుకుంది. ఆమె ఎన్నడూ రాత నేర్చింది కాదు. గీత ఎడమవైపు వంకరపోయింది.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆ గీత కుడివైపు కాస్త దిగింది.

అనంతరావు తలుపు తీసి, సిలిండర్లవాళ్లను మళ్లీ కిందికి పంపాడు.

పోశన్న బతికాడు. కాని ఆ తర్వాత ఎన్నేళ్లయినా అతని ఛాతీ కుడివైపు నిండుగా, ఎడమవైపు కొంచెమే లేచేది. అది చూసినప్పుడల్లా సావిత్రి, ఆనాడు ఇంకొంచెం నిదానంగా గీయాల్సిందని గంగవ్వతో అనేది.